కాటా గది దగ్గర వెనక చక్రం

పాత కాటా గదికున్న చెడ్డపేరులో ముప్పాతిక భాగం తాళాల దుకాణం ఆయన చలవే. దాన్ని ఆయన గొప్పగా చెప్పుకోడు, సేవగా చెప్పుకుంటాడు. ఏ కథనైనా తను విన్నంత చప్పగా ఇంకొకరికి అప్పజెప్పడం ఆయన మర్యాదకి ఒప్పదు మరి.

ఒకప్పుడు లారీలు తూచిన గది అది. గుట్ట ఎక్కి దిగే చోట, రోడ్డు పక్కన, తలుపు ఊడిపోయి నోరు తెరుచుకుని ఉంటుంది. రాత్రిపూట ఆ దారిన సైకిలు మీద పోతే గుండె దడదడలాడుతుందని ఎవరో అన్నారు. అన్నది అంతే. ఆ ముక్కకి తాళాలాయన ఒక మనిషిని పుట్టించాడు. దూరపు సైకిలు సవారీలో అలిసిపోయి ఆ గదిలో నడుం వాల్చాడట... "కాసేపాగి లేపండి" అన్నాడట... తోటివాళ్ళు లేపకుండా పోయారట. ఇక లేవలేదట.

"అప్పట్నుంచీ ఒంటరిగా పోయేవాడి వెనక ఇంకో చక్రం వస్తుంది," అని గొంతు తగ్గించేవాడు. "టిక్... టిక్... వెనక్కి తిరిగావో — నన్నెందుకు లేపలేదూ అని అడుగుతుంది."

కొత్తగా సైకిలు కొన్నవాళ్ళు బిక్కచచ్చిపోయేవాళ్ళు. తాళాలాయనకి ఆ పూట అన్నం సయించేది.

ఆయన సైకిలు మాత్రం టిక్కుమనేది కాదు. తొక్కడం ఆపితే ఏ సైకిలు వెనక చక్రమైనా టిక్కుటిక్కుమంటుంది కదా! ఈయన ఇరుసు విప్పి, తాళాలకి రాసే గ్రీజంతా అందులో కూరేశాడు. ఏటా గడువు పెట్టి జరిపే నాలుగువందల కిలోమీటర్ల సైకిలు సవారీకి ఆయన చేసుకున్న ఏర్పాట్లలో మొదటిది అదే. చాలావరకు ఆఖరిదీ అదే.

"మర్యాదస్తుడి సైకిలు," అనేవాడు.

"వెనక నక్కేవాడి సైకిలు," అనేది భార్య.

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. ముందువాడు ఎదురుగాలిని చీల్చుకుపోతుంటే వెనకవాడికి కష్టం సగానికి సగం తగ్గుతుంది. అందుకే జతగా వెళ్ళేవాళ్ళు వంతులేసుకుంటారు. తాళాలాయన వంతు వచ్చేసరికి ఆయనకి దాహమేసేది, లేదా బూటు తాడు ఊడేది. ఎప్పుడూ ముందుండేవాడు బామ్మర్ది. బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. వాడి చక్రం కీచురాయిలా గోల పెట్టేది. ఆ గోల వెనకే, ఎండనకా వాననకా, ఈయన హాయిగా సాధన చేశాడు.

"మా తమ్ముడు లాక్కొస్తే నువ్వొచ్చావు," అని నవ్వేది ఆవిడ, ప్రతిసారీ, వాడి ముందే. ఈసారైనా ముందు తను చేరాలి. ఒంటరిగా. ఆయన కోరిక అంతే.

సవారీ రోజున పొద్దుటినుంచీ బామ్మర్దే గాలి కోశాడు. బాగా పొద్దుపోయాక గుట్ట కింద మజిలీకి చేరారు. గోడౌను వసారాలో నాలుగు చాపలు, ఒక దీపం, ప్రతి మజిలీలోనూ పడాల్సిన ముద్రని కార్డుల మీద వేసే ముసలాయన. అంతే.

"బావా, కాసేపు కళ్ళు మూస్తా. నువ్వే లేపాలి," అన్నాడు బామ్మర్ది. "నా నిద్ర సంగతి తెలుసుగా. ఇంట్లో మీ చెల్లెలు మొహాన నీళ్ళు కొడితేగానీ లేవను."

"పడుకోరా, నేనున్నాగా," అన్నాడు తాళాలాయన.

కాసేపు కూచున్నాడు. వాడి గురక విన్నాడు. లేపడానికి చెయ్యి చాపాడు కూడా... ఆ చెయ్యి వాడి భుజం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, తన హెల్మెట్ అందుకుంది.

సైకిలు దీపం వెయ్యలేదు. గోడకి ఆనించిన సైకిలుని చడీచప్పుడు లేకుండా భుజాన వేసుకుని మెట్లు దిగాడు. తాళాలు తీసే చేతులు కదా... వాటికి ఈ విద్య బాగా తెలుసు.

గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఆపకుండా తొక్కాడు. ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు. పైకి చేరాక రోడ్డు వాలింది. కింద, మలుపులో, కాటా గది నోరు తెరుచుకుని ఉంది.

కాళ్ళు ఆపాడు.

టిక్... టిక్... టిక్...

వెనక. సరిగ్గా వీపు వెనక.

గబగబా తొక్కాడు. చప్పుడు ఆగిపోయింది. కాళ్ళు ఆపాడు... టిక్ టిక్ టిక్ — మళ్ళీ మొదలు. తను కదిలితే అది మూగదవుతోంది. తను ఆగితే అది అందుకుంటోంది. చెవి పెట్టి వింటున్నట్టు...

"అది నేను పుట్టించినదే," అని పైకే అన్నాడు. "నాదే. అబద్ధం."

అబద్ధమేమో ఇంకా దగ్గరికొచ్చింది.

తిరిగి చూడలేదు. చూస్తే ఏం అడుగుతుందో ఆయనకి తెలుసు. ఆ ప్రశ్న రాసింది తనే.

సరిగ్గా కాటా గది ముందుకొచ్చేసరికి ఇక తొక్కలేననుకున్నాడు. బ్రేకు నొక్కాడు. నిశ్శబ్దం. నోరు పిడచకట్టుకుపోతే, పిప్పరమెంటు బిళ్ళ కోసం ముందు సంచీలో చెయ్యి పెట్టాడు.

బిళ్ళలు ఉన్నాయి. పక్కన రెండు బన్నులు. రెండు ట్యూబులు. మోకాళ్ళకి రాసే మందు...

తన సంచీలో మందు లేదే!

టార్చి వేశాడు. సంచీలో బామ్మర్ది కార్డు. ఇద్దరికీ ఒకే కొలత కాళ్ళు, ఒకేసారి కొన్న నీలం సైకిళ్ళు, ఆవిడ ఒకే పాత రెయిన్‌కోటు చింపి కుట్టిన రెండు సంచులు... చీకట్లో వాడిది ఎత్తుకొచ్చాడు. వెనక చక్రం ఎత్తి తిప్పాడు. కీచురాయి గోల పెట్టింది.

నవ్వొచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు. బామ్మర్దికి మోకాళ్ళ నొప్పి లేదు. పిప్పరమెంటు వాసనంటే వాడికి గిట్టదు. ఇవన్నీ ఎవరి కోసం మోస్తున్నాడో సంచీయే చెప్పింది. పోయినేడాది ఈయన చక్రానికి పంక్చరు వేస్తూ కూచోబట్టే వాడూ గడువు దాటిపోయాడు. ఈసారి కార్డు కూడా లేకుండా చేశాడు తను.

సైకిలు వెనక్కి తిప్పాడు.

అప్పుడే... గుట్ట మీదనుంచి ఏదో దిగింది. దీపం లేదు. చప్పుడు అసలే లేదు. గాలి కదిలింది, అంతే —

"బావా..."

తాళాలాయన పెట్టిన కేక కాటా గదిలోకి పోయి తిరిగొచ్చింది.

"అరవకు! నేనే!" బామ్మర్ది రొప్పుతున్నాడు. "నీ లైటు సగం దారిలో ఆరిపోయింది. సైకిలా ఇది, దెయ్యమా? నేను వస్తున్నట్టు నాకే తెలీలేదు!"

"నువ్వు... ఎలా లేచావురా?"

"ముద్రలేసే తాత తట్టాడు. చూస్తే నా సైకిలు లేదు. నిద్రమత్తులో మార్చేసుకున్నావు పాపం, నీ కార్డు లేక తర్వాతి మజిలీలో ఇరుక్కుంటావని పరిగెత్తుకొచ్చా." చెమట తుడుచుకుని, సిగ్గుపడుతూ అడిగాడు. "ఎన్నిసార్లు లేపావు బావా?"

కాటా గది వింటోంది.

"మూడుసార్లు," అన్నాడు తాళాలాయన.

"సారీ బావా. నాది మొద్దు నిద్ర."

సైకిళ్ళు మార్చుకున్నారు. ఆ రాత్రి మొదటిసారి తాళాలాయన ముందుండి తొక్కాడు. ఎదురుగాలి మొహాన కొడుతోంది. వెనక టిక్... టిక్... తెల్లారేదాకా. అది ఎవరి చక్రమో ఆయనకి తెలుసు. అయినా ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

గడువులోపలే చేరారు. "ఈసారి మా తమ్ముణ్ణి నువ్వే లాక్కొచ్చావటగా!" అని ఆవిడ మురిసిపోయి, ఊరంతా చెప్పుకుంది.

కాటా గది కథ ఆయన ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. ఇరుసులో గ్రీజు తుడిచేశాడు. వంతు వస్తే దాహం వేయడం లేదు. గాలికి ఎదురు నిలవడం అలవాటైంది. "నిన్ను నేను లేపలేదురా" అనే మాట ఒక్కటి ఉంది... అది మాత్రం ఆయనకి ఇంకా రాలేదు.