రెండొచ్చాయి, ఒకటే ఉంది

ఉదయం పదకొండుకి పది నిమిషాలు తక్కువ. సెలూన్‌లో మూడో కుర్చీలో ఉన్న పెద్దాయన ముఖం మీద వేడి తువ్వాలు కప్పి, మంగలి బ్లేడు మార్చడానికి వెనక్కి తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి తువ్వాలు కింద ఊపిరి లేదు. మెడ పక్కన దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. పక్క కుర్చీలో పేపరు చదువుతున్న మనిషి కూడా లేడు. పేపరు మాత్రం చక్కగా మడిచి పెట్టి ఉంది.

చనిపోయినాయన్ని గూఢచారి శాఖలో అందరూ పోస్టుమాస్టర్ అనేవాళ్ళు. ఏజెంట్లు పంపే ఈమెయిళ్ళు ఒక్కొక్కటీ తెరిచి, అటాచ్‌మెంటు దించి, ఎవరికి చేరాల్సింది వాళ్ళకి చేర్చడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు చేశాడు. ఏడాది కిందట ఒక స్క్రిప్టు వచ్చి ఆ పని లాక్కుంది. ఆయన్ని రికార్డు రూములోకి తోసేశారు. చావడానికి అరగంట ముందు చీఫ్‌కి ఫోన్ చేసి, "సార్, రెండొచ్చాయి, ఒకటే ఉంది. పైకొచ్చి చూపిస్తా" అన్నాడు. చీఫ్ మీటింగులో ఉన్నాడు, పన్నెండింటికి రమ్మన్నాడు. పెద్ద సారు ముందుకి మాసిన గడ్డంతో ఏం వెళ్తాంలే అని ఎదురుగా ఉన్న సెలూన్‌కి వెళ్ళాడు ఆ పిచ్చి మనిషి.

పదకొండున్నరకి చీఫ్ గదిలో బ్రీఫింగ్.

"కూర్చో మేస్త్రీ."

మేస్త్రి కూర్చోలేదు. ఆరో తరగతిలో బడి మానేసి తాపీ పట్టినవాడు. ఆ తర్వాత శాఖ పట్టింది వాడిని. కుర్చీలో కూర్చుంటే కాళ్ళల్లో చీమలు పాకుతాయి. కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే విన్నాడు.

"ముఠా వైర్‌లెస్ ఆపరేటర్ మనకి లొంగిపోయాడు," అన్నాడు చీఫ్. "వాడు నోరు విప్పితే పద్దెనిమిది మంది బయటపడతారు. ఇవాళ మూడింటికి కన్వాయ్‌లో విమానాశ్రయానికి పంపుతున్నాం. మధ్య బండిలో సాక్షి."

"మధ్య బండి డ్రైవరు?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మీ బావ."

మేస్త్రి నడక ఆగింది. రెండు క్షణాలు. మళ్ళీ మొదలైంది.

"పోస్టుమాస్టర్ ఫోన్ చేసినప్పుడు ఈ గదిలో ఎవరున్నారు?"

"నేను, ఇంజినీరు, దుబాసీ. ఫోన్ స్పీకర్‌లో పెట్టా."

దుబాసీ అంటే ముఠా దగ్గర దుభాషిగా పనిచేస్తూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆరు భాషలు, నాలుగు పాస్‌పోర్టులు, ఆమె నడిచి వెళ్తే కారిడార్‌లో ఫైళ్ళు కిందపడతాయి. శాఖలో అందరికీ ఆమె మీద నమ్మకమే. అందంగా ఉన్నవాళ్ళ మీద శాఖకి మొదటినుంచీ నమ్మకం ఎక్కువ.

"ఆ స్క్రిప్టు ఏం చేస్తుందో నాకర్థమయ్యేలా చెప్పు బాబూ," అన్నాడు మేస్త్రి ఇంజినీరుతో.

ఇంజినీరు మెడలో పోయినేడాది ఇచ్చిన మెడల్ ఉంది. ఇంకా తియ్యలేదు. "సింపుల్ సార్. ఐదు నిమిషాలకోసారి మెయిల్‌బాక్స్ చూస్తుంది. పంపినవారి పేరు రవాణా విభాగం అని ఉంటే, అటాచ్‌మెంటుని ఫోల్డర్‌లోకి దించుతుంది. మెయిల్‌ని చెత్తబుట్టలో వేస్తుంది. ఆ ఫోల్డర్ నుంచి డ్రైవర్ల టాబ్లెట్‌కి రూట్ దానంతటదే వెళ్తుంది. మనిషి చెయ్యి తగలదు. మొత్తం పద్నాలుగు లైన్ల కోడ్!"

"ఒకే పేరుతో రెండు ఫైళ్ళొస్తే?"

"రావు సార్."

"వస్తే, అంటున్నా."

ఇంజినీరు మెడల్ సరిచేసుకున్నాడు. మేస్త్రి అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

రికార్డు రూము వెతకడానికి మూడున్నర గంటలు పట్టింది. అలమారాలు, అట్టపెట్టెలు, ఎలుకలు కొరికిన కట్టలు. మధ్యలో అక్క ఫోన్.

"మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. పొద్దున బీపీ మాత్ర వేసుకోకుండా పోయాడు."

"డ్యూటీలో ఉన్నాడక్కా. ఫోన్లు సీల్ చేస్తారు."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"దుమ్ము."

మూడుంబావుకి దొరికింది. బల్ల సొరుగు అడుగున రూళ్ళ నోటుబుక్కు. ఎవరూ చెప్పకపోయినా ఆ మనిషి రోజూ మెయిల్‌బాక్స్ చూసి, వచ్చిన ప్రతి ఫైలు పేరూ, సైజూ రాసిపెడుతూనే ఉన్నాడు, ఏడాదిగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఎవరైనా నవ్వి ఉంటారు. ఇవాళ్టి పేజీలో రెండే వరుసలు. తొమ్మిదీ ఐదుకి రూట్ ఫైలు, రెండొందల పన్నెండు కేబీ. తొమ్మిదీ ముప్పై ఐదుకి మళ్ళీ రూట్ ఫైలు, రెండొందల నలభై. రెండో దాని కింద పెన్సిల్ గీత.

మేస్త్రి ఇంజినీరుకి ఫోన్ కొట్టాడు. "ఫోల్డర్‌లో ఎంతుంది?"

"...రెండొందల నలభై సార్."

"మొదటిది?"

"రెండోది దాని మీద పడిపోయి ఉంటుంది. పేరు ఒకటే కదా. ఆఖరున వచ్చినదే నిలుస్తుంది." మౌస్ టిక్కుమంది. "అయ్యో. తెరిచాను సార్. ఇందులో రూట్ పాత వంతెన కిందనుంచి ఉంది. మనం వెయ్యలేదిది!"

కన్వాయ్ బయల్దేరి పదిహేను నిమిషాలైంది. వైర్‌లెస్ మౌనం.

"ఫోల్డర్‌లో ఫైలు మార్చెయ్."

"కుదరదు సార్. కన్వాయ్ కదిలాక ఫోల్డర్‌కి తాళం పడిపోతుంది. మనిషి చెయ్యి తగలకూడదని నేనే పెట్టా. స్క్రిప్టు ఒక్కటే రాయగలదు."

"అయితే నువ్వే ఆ పేరుతో మెయిలు పంపు!"

"పంపా సార్, ఇప్పుడే. కానీ మూడింటినుంచి నిమిషానికొకటి దొంగ మెయిల్ వస్తోంది. నాది వచ్చిన మరు నిమిషం వాళ్ళది వస్తుంది. వాళ్ళదీ స్క్రిప్టే." కీబోర్డు టకటకలు. "ఎక్కణ్ణుంచో పట్టుకున్నా. సార్... దుబాసీ ఫ్లాట్. మనం ఇచ్చిందే. ఇంటర్నెట్ కూడా మనదే."

"కరెంటు పీకించు."

"వద్దు సార్! ప్రతి మెయిల్ కాపీ ఇంకో అడ్రస్‌కి కూడా పోతోంది. వంతెన దగ్గరున్న వాళ్ళకే అయ్యుంటుంది. అది ఆగిందంటే వాళ్ళకి అనుమానం వస్తుంది. వంతెన వదిలి బండి వెనకపడతారు."

"వంతెన మలుపు ఎన్నింటికి?"

"మూడూ యాభై ఆరు. టాబ్లెట్‌కి చివరి రూట్ మూడూ యాభై ఐదుకి వెళ్తుంది."

అంటే ఆమె స్క్రిప్టు ఆగకూడదు. అది పంపే ఫైలు మాత్రం మారాలి. మేస్త్రి నోటుబుక్కులోంచి కాగితం చించి నాలుగు ముక్కలు రాశాడు. ఫోన్‌తో ఫోటో తీశాడు. ఇంజినీరు చెప్పినట్టు పీడీఎఫ్ చేసి, అదే పేరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పెన్‌డ్రైవ్ తాపీ పిడిలో దూరింది. ఆ బోలు పిడి శాఖ అతనికిచ్చిన ఏకైక గాడ్జెట్.

మూడూ నలభై ఆరుకి దుబాసీ ఫ్లాట్ తలుపు తట్టాడు మేస్త్రి. చిరిగిన బనీను, చేతిలో సిమెంటు బకెట్టు, నోట్లో అగ్గిపుల్ల.

"కింది ఫ్లాట్లో కప్పు కారుతోందమ్మా. మీ బాత్రూమ్‌లో టైల్స్ చూడాలి."

ఆకుపచ్చ పట్టు గౌను, చెవులకి ముత్యాలు. మేస్త్రిని ఆమె శాఖలో ఎప్పుడూ చూడలేదు. తేరిపార చూసింది. ముఠా కోడ్ మాట విసిరింది: "మోటారు కాలిపోయిందా?"

"అది ఎలక్ట్రీషియన్ని అడగాలమ్మా. మాది సిమెంటు పని."

ఆమె పక్కకి తప్పుకుంది.

హాల్లో బల్ల మీద లాప్‌టాప్. నల్లటి తెర మీద నిమిషానికో ఆకుపచ్చ వరుస: పంపబడింది. పంపబడింది. మేస్త్రి బాత్రూమ్‌లో సుత్తితో దబదబ బాదాడు. దుమ్ము లేచింది.

"ఎంతసేపు?" అంది ఆమె దగ్గుతూ.

"కింద పైపు కూడా చూడాలి. మీరు కాసేపు బాల్కనీలో కూర్చోండమ్మా, గౌను పాడైపోతుంది."

పట్టు మీద సిమెంటు పడుతుందంటే ఎంతటి గూఢచారికైనా గుండె ఆగుతుంది. ఆమె బాల్కనీ తలుపు మూసుకుంది.

మూడూ యాభై ఒకటి. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. చెవిలో ఇంజినీరు: "పంపాల్సినవి అనే ఫోల్డర్ ఉంటుంది సార్. అందులో పడేయండి." పడేశాడు. తెర మీద డబ్బా వచ్చింది: ఇదే పేరుతో ఫైలు ఉంది, మార్చాలా?

"చూశావా?" గొణిగాడు మేస్త్రి. "శత్రువు మెషీన్‌కున్న మర్యాద నీ మెడల్‌కి లేదు."

"సార్, అవును అని నొక్కండి, ప్లీజ్."

నొక్కాడు. మూడూ యాభై రెండు: పంపబడింది. మేస్త్రి రాసిన కాగితం మన శాఖకీ పోయింది, వంతెన కింద తుపాకులతో కూర్చున్నవాళ్ళకీ పోయింది.

"వాళ్ళు తెరిచి చదివితే?" అన్నాడు ఇంజినీరు.

"నిమిషానికొకటి వచ్చేదాన్ని ఎవడు తెరుస్తాడు? నువ్వు తెరిచావా?"



బాల్కనీ తలుపు తెరుచుకుంది. దుబాసీ చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"నీ చేతులు చూస్తూనే ఉన్నా. గోళ్ళల్లో సిమెంటు నిజంగా పాతది. ఏ ఏజెంటూ అంత కష్టపడడు, అనుకున్నా. కానీ అసలు మేస్త్రి ఎవడూ బల్ల దగ్గర పని చెయ్యడు. ఏం చేశావ్?"

"లీకు ఆపా."

"బడాయిలు చాలు. ఏం చేశావ్?"

మూడూ యాభై మూడు: పంపబడింది. ఆమె తెర చూసింది. ఆకుపచ్చ వరుసలన్నీ సక్రమంగా ఉన్నాయి. నవ్వింది. "ఏమీ చెయ్యలేకపోయావన్నమాట. కూర్చో. మీ కన్వాయ్ సంగతి అయ్యేదాకా కబుర్లు చెప్పుకుందాం."

"నాకు కూర్చునే అలవాటు లేదు."

"పోస్టుమాస్టర్‌కి బాగా అలవాటు. కుర్చీలో పడుకుని మరీ పోయాడు."

మేస్త్రి కదల్లేదు. జీవితంలో మొదటిసారి ఒకచోట నిలబడ్డాడు. మూడూ యాభై నాలుగు: పంపబడింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు పాకుతోంది. పది. ఇరవై. ముప్పై. ఏదో పురుగు దొలిచినట్టయి ఆమె పిస్టల్ దించకుండానే ఎడమ చేత్తో ఫోల్డర్ తెరిచింది. నలభై. ఫైలు మీద నొక్కింది. తెర నిండా వంకర అక్షరాలు. కళ్ళు పెద్దవయ్యాయి. వేలు కీబోర్డు మీదికి దూసుకెళ్ళింది.

బకెట్టులోని తడి సిమెంటు మొత్తం ఆమె ముఖాన పడింది. గుండు సీలింగ్‌కి తగిలింది. పిస్టల్ సోఫా కిందకి జారింది.

మూడూ యాభై ఐదు. చెవిలో ఇంజినీరు అరిచాడు: "దించింది సార్! స్క్రిప్టు మీ ఫైలే దించింది!"

ఆ తర్వాతి నిమిషం మేస్త్రి జీవితంలో అన్నిటికన్నా పొడుగుది. వంతెన మలుపు దగ్గర మధ్య బండి ఎడమ ఇండికేటర్ వేసింది. టాబ్లెట్ కుయ్‌మంది. బండి ముందు చక్రాలు అప్పటికే ఎడమకి తిరిగాయి. డ్రైవరు బ్రేకు తొక్కి, స్టీరింగ్ కుడికి విరిచి, ఫ్లైఓవర్ ఎక్కేశాడు. ముందు బండీ వెనక బండీ హారన్లు కొట్టుకుంటూ వెనకపడ్డాయి. ఇంకో పావుగంటకి చీఫ్ మనుషులు వంతెన కింద ఐదుగుర్ని పట్టుకున్నారు. వాళ్ళ నాయకుడి ఫోన్‌లో ఆరోజు వచ్చిన యాభై ఏడు మెయిళ్ళూ తెరవకుండానే ఉన్నాయి.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది: ఇకపై ప్రతి అటాచ్‌మెంటూ మనిషే తెరవాలి. రికార్డు రూములో ఉన్న కుర్చీని మళ్ళీ పైకి తెచ్చారు. కూర్చునే మనిషికి డిగ్రీ ఉండాలన్నారు. నోటుబుక్కులో ఏడాదిపాటు లెక్క తప్పకుండా రాసిన మనిషి ఎంత చదివాడో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో బావ టీ గ్లాసు కింద పెట్టి, జేబులోంచి టాబ్లెట్ ప్రింటు తీశాడు. అందులో ఉన్నది ఇంతే: బావా ఎడమకి పోకు, చంపుతారు, కుడికి కొట్టు.

"అది శత్రువుల ఎత్తేమో అని అనుమానం రాలేదా బావా?" అడిగాడు మేస్త్రి.

"సెకను కూడా రాలేదురా బామ్మర్దీ. ఇంత దరిద్రమైన చేతిరాతని ప్రపంచంలో ఏ గూఢచారి సంస్థా కాపీ కొట్టలేదు. మీ అక్క చూసి గంటసేపు ఏడ్చింది."

"నేను బతికించానని సంతోషంతోనా?"

"కాదు. నిన్ను బడి మాననిచ్చినందుకు."