ఎర్రగా వచ్చిన దూది

ఆ రోజు పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనుక ఉన్న ఆ ఇంట్లో సంగారెడ్డి బట్టల వ్యాపారి పాండురంగం, అతనిలాగే బరువు తగ్గాలని చేరిన మరో ముగ్గురు, డాక్టర్ సోమేశ్వర్, నర్సు విమల, వాచ్‌మన్ పోచయ్య, వంటమనిషి దేవమ్మ ఉన్నారు. నిజానికి దేవమ్మ అనే మనిషి లేదు. ఆ పేరుతో నీళ్లలో డైట్ పౌడర్ కలుపుతున్నది ఏజెంట్ రుక్మిణి.

ఆమెను అక్కడికి పంపేముందు చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"కార్టిసాల్. ఒత్తిడి హార్మోన్. నిద్ర లేచేసరికి ఎక్కువ, పొద్దుగూకేసరికి తక్కువ ఉండాలి. అక్కడ విదేశీ ముఠా పరీక్షిస్తున్న డైట్ పౌడర్ తాగేవాళ్లకు సాయంత్రం కూడా దిగడం లేదని అనుమానం. నోట్లో దూది పెట్టి తీసే ఉమ్మి శాంపిల్స్ మారిపోతే ఆ పౌడర్‌కు లైసెన్స్ వస్తుంది."

"లోపల మనవాళ్లు?"

"విమల. వాళ్ల జీతం, మన పని."

ఆ పేరు చెప్పేటప్పుడు చీఫ్ నవ్వాడు. విమలకు లిప్‌స్టిక్‌లో కెమెరా ఇచ్చాడు. రుక్మిణికి అట్లకాడలో వైర్‌లెస్ ఇచ్చాడు. ఆ నవ్వునూ, ఈ తేడానూ రుక్మిణి మరచిపోలేదు.

ఆ సాయంత్రం పాండురంగం గోడ పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు.

"దేవమ్మా, ఒక్క రొట్టె ముక్క ఇయ్యవా? గుండె దడదడ కొట్టుకుంటున్నది."

ఇస్తే పరీక్ష చెడుతుంది. శాంపిల్స్ మారితే ఇతన్ని ఇంకా ఈ పొడి మీదే ఉంచుతారు. రుక్మిణి తల తిప్పుకుని ల్యాబ్‌కు వెళ్లాల్సిన ఐస్ పెట్టె తెరిచింది. అందులో నాలుగు బ్రౌన్ సీసాలున్నాయి. మూతలు తీస్తే నాలుగింటిలోనూ దూది ఎర్రగా ఉంది.

పాన్. రొట్టెకే గతిలేని వాళ్లకు పాన్ ఎక్కడిది? సీసాలు నింపేది విమల. రుక్మిణి మనసు ఎగిరి గంతేసింది. బుగ్గ నిండా పాన్‌తో గేటు దగ్గర కూర్చున్న పోచయ్యను నిలదీసింది.

"విమల మేడమే గద నీ నోట్ల దూది పెట్టింది?"

"మేడం కాదు, డాక్టర్ సాబ్. కరెంటు పోయినప్పుడు పిలిచి పండ్లు పరీక్ష చేస్త అన్నడు. పాన్ ఉమ్మెయ్యమని చెప్పలె గద."

"మంచిగ యాద్ చేసుకో. మేడం కాదా?"

"కాదంటే కాదు. నీకేంది గంత పరేషాన్?"

కడుపునిండా తిని, మధ్యాహ్నం నిద్రపోయే పోచయ్య ఉమ్మిలో హార్మోన్ సాయంత్రానికి చక్కగా దిగుతుంది. అందుకే అతన్ని ఎంచుకున్నారు. చీకట్లో డాక్టర్‌కు ఎరుపు కనిపించలేదు. నిజం విని ఇంతగా నిరాశపడడం రుక్మిణికి ఇదే మొదలు.

ఆమె డాక్టర్ గదిలోకి దూసుకెళ్లింది. అసలు దూదులు అతని చేతిలో, ఫినాయిల్ బకెట్‌లో పడబోతూ ఉన్నాయి. అవి జారేలోపే అట్లకాడ అతని మణికట్టు మీద పడింది. రుక్మిణి తన కొంగు చాచి పట్టింది. నాలుగూ అందులోనే పడ్డాయి. అప్పుడు విమల తీరిగ్గా వచ్చి లిప్‌స్టిక్‌తో ఫోటో తీసింది.

అట్లకాడ వైర్‌లెస్‌లో రుక్మిణి పంపిన కబురు అందుకుని చీఫ్ వచ్చాడు. డాక్టర్ చేతులకు బేడీలు పడ్డాయి. పాండురంగం చేతికి జొన్నరొట్టె వచ్చింది. చీఫ్ నేరుగా ఫోటో తీసినామె దగ్గరికి నడిచాడు.

"వెల్ డన్, విమలా."

ఇద్దరూ ముందుగదిలోకి వెళ్లారు. రుక్మిణి వెనకే నడిచింది. ఆమె వంటమనిషి కాదని విమలకు బాగా తెలుసు. అయినా విమల తలుపు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"అక్కా, జెర రెండు చాయ్‌లు పంపు. లోపల మాట్లాడేది సీక్రెట్."

తలుపు మూసుకుంది.

పొద్దుగూకింది. ఆ క్షణాన రుక్మిణి నోట్లో దూది పెట్టి పంపి ఉంటే, ల్యాబ్‌వాళ్లు అది పొద్దున నిద్ర లేవగానే తీసిన శాంపిల్ అనుకునేవారు.