రీలు తిప్పని ఫోటో

పొద్దున్నే పొయ్యి రాజేసి మార్తమ్మ కోడిపెట్టతో మాట్లాడుతోంది.

"ఓసే పెట్టా! కాగులో నీళ్లు కాగినాయి. ఎవరికన్నా కావాలంటే ముంచుకోమను."

పెరట్లో రెండో పొయ్యి దగ్గర్నుంచి ఫిలోమినా కూడా పెట్టకే జవాబిచ్చింది. "మాకేం అక్కర్లేదని చెప్పవే పెట్టా."

ఒకే ఇంటి తోడికోడళ్లు ఎనిమిది నెలలుగా మాట్లాడుకుంటున్న తీరు ఇదీ. తగాదాకు మూలం కూడా ఆ పెట్టే. మార్తమ్మ పెట్ట పోయి పోయి ఫిలోమినా గంపలో పొదిగి పదకొండు పిల్లల్ని లేపింది. పెట్ట నాది కాబట్టి పిల్లలు నావని పెద్దామె, గంపా నాదే నూకలూ నావే అని చిన్నామె. ఆ పిల్లలన్నీ పెరిగి పెద్దవై ఎప్పుడో కూరైపోయినాయి గాని, తగాదా మాత్రం నిక్షేపంగా బతికుంది.

మార్తమ్మ భర్త దానియేలు మాస్టారు నరసరావుపేట మిషను బడిలో లెక్కలు చెబుతాడు. ఆ పొద్దున ఆయన తమ్ముడి ఉత్తరం పట్టుకుని వసారాలోకొచ్చి, ఇద్దరికీ వినబడేట్టు చదివాడు. ఆ తమ్ముడే అబ్రహాము, ఫిలోమినా మొగుడు. పటాలంలో చేరి నాలుగేళ్లు. యుద్ధం ఆగి ఏడాది కావస్తున్నా ఇంకా సింగపూరులోనే ఉన్నాడు.

"'ఇంకో మూడేళ్లకు సంతకం పెడతావా అని మా దొర అడుగుతున్నాడు. ఇంటికొస్తే నేను ఏ పొయ్యి దగ్గర కూర్చుని తినాలో నాకు తెలియటంలా. వదినా, ఫిలోమినా ఇద్దరూ ఒక్క ఫోటోలో కలిసి కనబడితే వస్తా. లేకపోతే సంతకమే.'"

మార్తమ్మ పొయ్యి ఊదే గొట్టం కింద పడేసింది. తల్లి లేని ఆ పిల్లాణ్ణి అయిదో ఏట చంకనేసుకుని పెంచింది తనే. మూడేళ్లంటే మాటలా! అయినా నోరు ఊరుకుంటేనా?

"చిన్నామె వచ్చి అడిగితే నిలబడతానని చెప్పవే పెట్టా."

"పెద్దవాళ్లు పిలిస్తే వస్తానని చెప్పు." ఫిలోమినా ఉత్తరం మీంచి చూపు తిప్పలేదు గాని పంతం మాత్రం సడల్లేదు.

అడిగేవాళ్లు లేరు, పిలిచేవాళ్లు లేరు. మాస్టారే నెత్తి గోక్కుని, "సరే, విడివిడిగా తీస్తా. కత్తిరించి అంటిస్తా" అన్నాడు.

సీమకు పోతూ మిషను దొరసానమ్మ ఇచ్చిపోయిన డబ్బా కెమెరా ఒకటుంది ఆయనకు. ఆయన ఫోటో తీసే పద్ధతే వేరు. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటాడు, "ఆమేన్" అనగానే మీట నొక్కుతాడు. ఈలోగా చేతిలో డబ్బా ఎటో ఒరిగిపోతుంది. అందుకే ఆయన ఫోటోల్లో పాస్టరుగారికి తల ఉండదు, చర్చికి శిలువ ఉండదు. మాస్టారి బొటనవేలు మాత్రం అన్నిట్లోనూ ఉంటుంది.

ఈసారి ఒరక్కుండా డబ్బాను రోటి మీద పెట్టాడు. పిడకలు కొట్టిన పెరటి గోడ ముందు మార్తమ్మ పీట మీద మూతి ముడుచుకుని కూర్చుంది. ఆమేన్. ఆమె లేచిపోయాక ఫిలోమినా వచ్చి, ఆ పీట ముట్టుకోనంటూ దాని వెనక నిలబడింది. సరిగ్గా అప్పుడే పెట్ట ఎగిరి పీటెక్కింది. దాన్ని అదిలించబోయి ఆమె చెయ్యి చాచింది. ఆమేన్.

నాలుగు రోజులకు స్టేషను రోడ్డు స్టూడియోలో కడిగించిన ఫోటోలు ఇంటికొచ్చాయి. మార్తమ్మ లాక్కుని చూసి కెవ్వుమంది.

"ఏమే ఫిలోమినా! నువ్వెప్పుడొచ్చి నా వెనక నిలబడ్డావే, దొంగమొహమా!"

"నేనెందుకొస్తానక్కా? నీ వెనక నిలబడే ఖర్మ నాకేంది?" అంటూ ఉరికొచ్చిన ఫిలోమినా, ఫోటో చూసి "యేసయ్యా!" అంది.

ఫోటోలో మార్తమ్మ కూర్చునుంది. వెనక ఫిలోమినా, చెయ్యి తిన్నగా తోడికోడలి భుజమ్మీదే ఉంది. ఒళ్లో పెట్ట. ముగ్గురిలోంచీ వెనకున్న గోడ కనబడుతోంది. జన్మలో బొట్టు పెట్టని మార్తమ్మ నుదుట ఇంత పిడక!

"మధ్యలో రీలు తిప్పలేదంట, ఒకదాని మీద ఒకటి పడ్డాయంట" నసిగాడు మాస్టారు. "ప్రార్థన ధ్యాసలో..."

"లెక్కలు చెప్పే మనిషివి, రెండింటిని ఒకటి చేస్తావా?" అంది మార్తమ్మ.

"దేవుడు కళ్లిచ్చింది మూసుకోడానికా బావగారూ?" అంది ఫిలోమినా.

"బాగా అడిగావే! ఇంకా అడుగు!"

ఇద్దరూ చెరో పక్క నిలబడి దులిపేస్తుంటే మాస్టారు మెల్లగా అన్నాడు. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు."

ముందు ఫిలోమినాకు కిసుక్కున నవ్వొచ్చింది. మార్తమ్మ ఆపుకుందామనుకుంది గాని, ఆ పిడక చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ చివరికి భోరుమంది. "వాడు రాకపోతే నేనేమైపోవాలే?"

"నేను మాత్రం ఏమైపోవాలక్కా? నాలుగేళ్లు!" ఫిలోమినా చెయ్యి ఆమె భుజమ్మీద పడింది.

ఊళ్లో ఇంకో రీలు దొరకలేదు. "ఇదే పంపుదాం, నిజమనుకుంటాడు" అన్నాడు మాస్టారు.

"నేను పెంచిన పిల్లాడికి అబద్ధం చెబుతానా!" మార్తమ్మ పెన్సిలు తీసుకుని ఫోటో వెనక తన కోడిగీతల్లో రాసింది: "అబ్బాయ్, ఇది మీ అన్న రీలు తిప్పకపోతే వచ్చిన ఫోటో. అప్పుడు మేం కలిసి నిలబడలా. ఇప్పుడు నిలబడ్డాం. వచ్చి చూసుకో." దాని కింద ఫిలోమినా ఒకటే ముక్క రాసింది: "పొయ్యి ఒకటే."

రెండో పొయ్యిని ఆ సాయంత్రమే గడ్డపారతో పగలగొట్టారు. పెట్ట ఆ బూడిదలో హాయిగా పొర్లింది.

మూడు నెలలకు అబ్రహాము ట్రంకుపెట్టెతో దిగాడు. ఆ ఆదివారం అందరూ స్టూడియోకు పోయి, పూలకుండీ పక్కన బిగుసుకుని ఫోటో దిగారు. అందరికీ తలలొచ్చాయి. కాని అబ్రహాము దాన్ని పక్కన పెట్టి, మడతలు పడిన పాత ఫోటో జేబులోంచి తీసి వసారాలో మేకుకు తగిలించాడు.

"ఛీ, తీసెయ్యిరా! నుదుట పిడకతో నేనూ ఒక మనిషినా!" అంది మార్తమ్మ.

"అప్పటికి సంతకం కాగితం ముందేసుకుని కలం కూడా పట్టుకున్నా వదినా. అప్పుడొచ్చింది ఇది. నవ్వాపుకోలేకపోయా. ఇదేందని దొర అడిగితే, మా ఇల్లు సార్ అని చెప్పి కలం కింద పెట్టేశా."

మార్తమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, అదే చెంగుతో ఫోటో మీద దుమ్ము కూడా తుడిచింది.