బెత్తెడు కాలిజాగా

ముప్పై ఒకటో మనిషి "వద్దండీ" అన్నాడు. నూకరత్నం వద్దు మీట నొక్కింది. అద్దం అవతల నిలబడ్డ విమానంలో, అతని సీటుకి ముందున్న ఇరవై రెండో వరస పట్టాల మీద కిర్రుమని కదిలి, అతని వరస మీదికి బెత్తెడు జరిగింది. అలా మిగిలిన జాగా ముందు వరసల్లో ఎవరికో చేరింది.

భోగాపురం నుంచి మస్కట్‌కి నిదాన విమానం పదమూడు గంటలు పడుతుంది. పగలంతా ఎండ తాగి, ఆ బలంతో రాత్రంతా ఎగిరే రకం. అందులో ఒకరికి కాలిజాగా పెరగాలంటే ఇంకొకరికి తరగాలి. ఎవరికి ఎంతన్నది సర్దుబాటి అనే యంత్రం చూసుకుంటుంది. నూకరత్నం పని, విమానం ఎక్కే గుమ్మం దగ్గర నిలబడి అడగడం. "బెత్తెడు కాలిజాగా, పద్దెనిమిది వందలు. కావాలా?" ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగితే బలవంతపెట్టినట్టని నిబంధన. ప్రయాణికుడు మాట్లాడకపోయినా వద్దు కిందే లెక్క.

ఆ నిబంధన రాసిన మహానుభావులెవరోగాని, మన ఇళ్ళల్లో ఒక్కపూటైనా భోజనం చేసి ఉండరు. మొదటిసారి అడిగితే మనవాళ్ళు దేనికైనా ఔనంటారా? దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, మంచినీళ్ళిమ్మంటారా అంటే ముందు వద్దనే అంటారు. మళ్ళీ అడిగినప్పుడే అసలు సంగతి చెబుతారు. సర్దుబాటికి ఈ మొహమాటం భలేగా కలిసొచ్చింది. సగంమందైనా వద్దంటారన్న ధీమాతో ముందు వరసల జాగా ఉదయమే అమ్మేసేది.

నూకరత్నం తండ్రి గవరయ్య మస్కట్‌లో కూలీల మెస్సులో వంటమనిషి. ఆరడుగుల పైన మనిషి. నాలుగేళ్ళ కిందట సెలవు ముగించుకుని తిరిగి వెళ్తూ ఇదే గుమ్మంలో, కూతురి ముందే నిలబడ్డాడు. ఆమె ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. అందరినీ అడిగినట్టే అడిగింది. "నాకెందుకే, దండగ" అని నవ్వాడు. ఇంకోమాటు అడిగితే ఒప్పుకుంటాడని ఆమెకు తెలుసు. ఇంట్లో కూడా రెండుసార్లు అడగందే పులుసుకి కంచం ముందుకు జరిపేవాడు కాదు. కానీ వెనక జనం తోసుకుంటున్నారు, నెత్తిమీద నిబంధన ఉంది. ఆమె వద్దు మీట నొక్కింది.

మస్కట్‌లో దిగి నాలుగడుగులు వేసి గవరయ్య కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. ముడుచుకున్న కాల్లో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. సర్దుబాటి పంపిన కాగితంలో ఒకటే ముక్క ఉంది: ప్రయాణికుడు వద్దన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఉంటే పోట్లాడేది, పోట్లాడితే కాస్తయినా గుండె బరువు తగ్గేది.

ముప్పై రెండో మనిషి దాలమ్మ. అరవై దాటిన మనిషి, ఎడమ పిక్కకు గుడ్డ చుట్టుకుని ఉంది. గుడ్డ కింద పాదం పొంగిపోవడంతో చెప్పు వేళ్ళకే తగిలించుకుంది.

"అక్కడెవరున్నారు పిన్నీ?" అంది నూకరత్నం.

"మా సెల్లెలమ్మా. ఆస్పత్రిలో ఉంది, మాట పడిపోనాదంట. ఓపాలి సూసొచ్చేత్తే సాలు."

నూకరత్నం అడగవలసింది అడిగింది.

"నాకెందుకమ్మా, ఒద్దులే. సర్దుకుంటాను" అంది దాలమ్మ. అంటూనే చెయ్యి కొంగుముడి మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

నూకరత్నం వేలు మీట మీద ఆగిపోయింది. "నిజంగా వద్దా పిన్నీ?"

గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. "ప్రశ్న రెండోసారి అడగబడింది" అంది సర్దుబాటి.

"ఆ కాలుతో పదమూడు గంటలు ఎలా కూర్చుంటావు? మొహమాటపడకు. కావాలా?"

దాలమ్మ కళ్ళు నిండిపోయాయి. "నువ్వింతలాగ అడుగుతావుంటే ఒద్దని ఎలాగంటానమ్మా. కావాల. రేత్రి నుంచీ ఒకటే సలుపు." ముడి విప్పింది. "సెల్లికి పళ్ళు కొందామని దాసేను. అది తింటాదో, నేదో."

డబ్బు కట్టింది. దాలమ్మ వరసకు బెత్తెడు జాగా వచ్చింది. నూకరత్నం తరవాతి మనిషిని పిలిచేలోగా, అవతలికి వెళ్ళిపోయిన ముప్పై ఒకటో మనిషి తిరిగొచ్చాడు. నడుము మీద చెయ్యి వేసుకుని, సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"మేడమ్, నన్ను కూడా ఇంకోసారి అడుగుతారా?"

అడిగింది. కావాలన్నాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు, ఆ వెనక పదిమంది వచ్చారు. కొందరు రెండోసారి కూడా వద్దనే అన్నారు, నవ్వుతూ వెళ్ళారు. మిగతావాళ్ళు కట్టారు. విమానంలో వరసలు ముందుకీ వెనక్కీ కిర్రుకిర్రుమని ఆడి, చివరికి కదలకుండా బిగుసుకుపోయాయి. అమ్మేసిన జాగా తిరిగి ఇవ్వాలి, ఇవ్వడానికి ఎక్కడా లేదు. విమానం తలుపు పడలేదు. పొద్దు వాలిపోతోంది.

"ఉద్యోగి నూకరత్నం" అంది సర్దుబాటి. "నిబంధన అతిక్రమించారు. మీరేమైనా చెప్పుకుంటారా?"

ఏం లేదండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పెంపకం అలాంటిది. పెదవి కొరుక్కుని ఊరుకుంది.

ప్రయాణికుల మౌనాన్ని వద్దని రాసుకునే యంత్రానికి ఉద్యోగి మౌనాన్ని ఏమని రాసుకోవాలో ఎవరూ నేర్పలేదు. చాలాసేపు ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

"మళ్ళీ అడుగుతున్నాను" అంది సర్దుబాటి. "మీరేమైనా చెప్పుకుంటారా?"

నూకరత్నం బావురుమంది. దాలమ్మ కుంటుకుంటూ వచ్చి భుజం పట్టుకుంది.

"చెప్పుకుంటాను" అంది నూకరత్నం, వెక్కిళ్ళ మధ్య. "మా నాన్న పేరు గవరయ్య. ఆయన వద్దన్నది నిజమే. నేను రెండోసారి అడగలేదు. అది కూడా రాసుకోండి."