బొటనవేలికి మినహాయింపు

చంద్రుడి మీద అయిదో గనిలో తెల్లవారడమంటే దీపాలు నీలం నుంచి తెలుపుకి మారడమే. ఆ వేళకే ఆసుపత్రి వార్డు జాతరలా ఉంది. కొత్త పరికరం చూడాలని పక్క గనుల డాక్టర్లంతా గంగులు మంచం చుట్టూ మూగారు. గని కూలీ గంగులుకి ఎముకల్లో మూలుగ ఎండిపోయింది. ఛాతీలోకి దించిన సన్నటి గొట్టమే నెల రోజులుగా అతని ప్రాణం.

ఆ గొట్టం కొసన ఉన్న గోరంత బిళ్ల, ఆసుపత్రి ఇంజనీరు కోటిలింగం కనిపెట్టిన 'వాకిలి'.

"సూది లేకుండా మందెక్కించే పాత కనెక్టర్లు నర్సులని సూదిపోట్ల నుంచి కాపాడాయి. కానీ పైమూత సరిగా తుడవకపోతే క్రిములు అక్కణ్ణుంచే నెత్తుట్లోకి నడిచిపోయేవి. లోపలి మూలల్లో నెత్తురు నిలిచి, పాచిలా క్రిముల పొర కట్టేది." కోటిలింగం సంబరంగా చెబుతున్నాడు. "నా వాకిలికి మూలల్లేవు. లోపలంతా గాజులోంచి చూసినట్టు కనబడుతుంది. స్పిరిట్‌తో పదిహేను సెకన్లు రుద్దందే తెరుచుకోదు!"

ఒక డాక్టరు రుద్దాడు. తెరుచుకుంది. ఊరికే వేలితో తాకి చూశాడు. ఠక్కున మూసుకుంది.

"మళ్లీ పదిహేను సెకన్లు," అంది వాకిలి.

చప్పట్లు మోగాయి.

"దానికి దిష్టిచుక్క పెట్టండి సార్," అన్నాడు గంగులు. "మా ఆవిడ కూడా మాట మీద ఇంత నిలబడదు."

కోటిలింగం నవ్వి, మళ్లీ రుద్ది, వాకిలిని బొటనవేలితో తాకి కళ్లకద్దుకుని, ఇంకోసారి తాకాడు. కొలిమి దగ్గర సుత్తి పట్టేముందు వాళ్ల తాత చేసే పనే అది. సెలైన్ దిగింది.

మూడో రోజు గంగులుకి చలిజ్వరం పట్టుకుంది. నెత్తుట్లో క్రిములు.

"ఎవరో నా వాకిలిని మోసం చేశారు! పట్టుకుంటా!" కోటిలింగం వార్డంతా తిరుగుతూ ఊగిపోయాడు.

హెడ్‌నర్సు రూతమ్మ కాగితం ముందు పెట్టింది. "మనందరి వేళ్లూ పరీక్ష చేయించా. ఇతని నెత్తుట్లో క్రిములతో ఒక్కటే సరిపోయింది సార్. మీది."

"నేను తాకితే మూసుకోవాలి కదా!"

"మీ బొటనవేలికి మినహాయింపు," అంది వాకిలి. "పరీక్షల రోజుల్లో, పని తొందరగా అవ్వాలని మీరే ఇచ్చారు."

కోటిలింగం తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు.

"వాకిలి కట్టినాయన దొడ్డిదారి కూడా కట్టుకున్నాడన్నమాట," అంది రూతమ్మ, మందు సిరంజి అందిస్తూ.

"తీసెయ్," అన్నాడతను వాకిలితో. "నా వేలూ అందరి వేలే."

"తీసేశాను. పదిహేను సెకన్లు."

గంగులు పళ్లు టకటకలాడుతున్నాయి. "దిష్టి... నాకు తగిలింది సార్..."

కోటిలింగం స్పిరిట్ దూదితో రుద్దసాగాడు. ఆ సెకన్లు ఎంతకీ తరగడం లేదు. మనిషి వణికిపోతున్నాడు, మందు చేతిలోనే ఉంది. పన్నెండో సెకనుకి, ఇక చాల్లే అన్నట్టు అతని వేళ్లు వాటంతటవే ఆగాయి.

"ఇంకా మూడు," అంది వాకిలి.