గూడ్సు డ్రైవరుకు ముప్పై ఒక్క ప్రశ్నలు

"పేరెంట్స్ మీటింగ్ ఇవాళ కాదమ్మా, వచ్చే వారం," అన్నాడు లైబ్రేరియన్, గొడుగు వంచి రోడ్డు చివరికి చూస్తూ.

వానలో స్కూలు గేటు ముందు నిలబడ్డ అమ్మాయి కదల్లేదు. "నేను మీటింగుకు రాలేదండీ. పిల్లలతో మాట్లాడమని రైల్వే నుంచి..."

"అయ్యో, సారీ! రండి, గొడుగులోకి రండి." అతని ముఖం వెలిగింది. "ఆయన వెనకాల వస్తున్నారా?"

"ఏ ఆయన?"

"అదేనండీ, డ్రైవర్ గారు. మీ వారు."

ఆమె రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోసి, అతణ్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. "మా వారు ఎక్కడున్నారో, అసలు పుట్టారో లేదో నాకూ తెలీదు సార్. గూడ్సు బండి నడిపేది మాత్రం నేనే."

లైబ్రేరియన్ నాలుక కరుచుకున్నాడు. రైల్వే ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో పొడి అక్షరాలూ, పక్కన 'గూడ్సు డ్రైవర్' అన్న మాటా తప్ప ఇంకేమీ లేవు. మిగతాదంతా, గుబురు మీసాలతో సహా, అతను ఊహించుకున్నదే.

ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒక అతిథిని పిలిచి, వాళ్ల పని గురించి పిల్లలకు చెప్పించడం ఆ ఏడాది స్కూల్లో మొదలైన కార్యక్రమం. అతిథుల్ని వెతికి తెచ్చే బాధ్యత లైబ్రేరియన్ నెత్తిన పడింది. మొదటి వారం పళ్ల డాక్టరు వచ్చి పుచ్చిపోయిన పళ్ల బొమ్మలు చూపించి చిన్న క్లాసులవాళ్లను ఏడిపించాడు. రెండో వారం బ్యాంకు మేనేజరు మాట్లాడుతుంటే వెనక బెంచీలు హాయిగా నిద్రపోయాయి. "ఈసారి కూడా పిల్లలు ఆవలిస్తే ఇక ఆపేద్దామండీ," అని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పేసింది.

హాల్లో పైకప్పు కారుతోందని పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ అమ్మాయి ఆగిపోయింది. బోర్డు మీద రంగురంగుల సుద్దముక్కలతో 'డ్రైవర్ అంకుల్‌కు స్వాగతం' అని రాసి ఉంది.

లైబ్రేరియన్‌కు అక్కడికక్కడే ఏ బీరువా వెనకో దాక్కోవాలనిపించింది.

ఆమె డస్టర్ తీసుకుని 'అంకుల్' తుడిపేసి, ఆ ఖాళీలో 'అక్క' అని రాసి, చేతులు దులుపుకుని పిల్లల వైపు తిరిగింది.  ఆ తర్వాత ఆడపిల్లల వరసలోంచి చప్పట్లు మొదలై గది గదంతా పాకాయి.

"నా బండికి యాభై ఎనిమిది వ్యాగన్లు," అని మొదలుపెట్టింది. "ఎంత పొడవో చెబితే నమ్మరు. లేవండి, చేసి చూపిస్తా."

రెండు నిమిషాల్లో అరవై మంది ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని బీరువాల మధ్య పాములా మెలికలు తిరుగుతున్నారు. ఆమె ముందు నిలబడి చెయ్యెత్తి "బ్రేక్!" అంది. ముందువాళ్లు ఆగారు. వెనకవాళ్లు ఆగలేదు. నిఘంటువుల బీరువా దగ్గర పెద్ద కుప్ప, కేకలు, నవ్వులు.

"ష్...!" అన్నాడు లైబ్రేరియన్, అలవాటు కొద్దీ. పిల్లలు అతనికి 'ష్ సార్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "గూడ్సు బండిని 'ష్' అంటే ఆగదు సార్. కిలోమీటరు ముందు నుంచీ అనుకుంటూ రావాలి."

ఈసారి పిల్లలతో పాటు హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వింది. అతనికి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఎందుకో కోపం రాలేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, చుట్టూ చూసి, చిన్న గొంతుతో అడిగింది. "అక్కా, బండి నడుపుతుంటే మధ్యలో... బాత్రూం వస్తే?"

మగపిల్లలు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మంచి ప్రశ్న అడిగావు. నేను చేరినప్పుడు ఇంజన్లో బాత్రూం లేదు. డ్యూటీ ఉందంటే నీళ్లు తాగేదాన్ని కాదు. రెండుసార్లు జబ్బు పడ్డా. తర్వాత మేం పదకొండు మంది ఆడవాళ్లం కలిసి ఆఫీసుకు ఉత్తరాలు రాశాం. ఒకటి కాదు, రెండేళ్లు రాశాం. ఇప్పుడు కొత్త ఇంజన్లలో పెడుతున్నారు. అడగడానికి సిగ్గుపడి ఉంటే ఇంకా నీళ్లు మానేసే ఉండేదాన్ని."

నవ్వినవాళ్లు తలలు వంచుకున్నారు. అడిగిన పిల్ల ఠీవిగా కూర్చుంది. లైబ్రేరియన్ మాత్రం, పెద్ద మాట ఒక్కటీ వాడకుండా ఇంత పెద్ద సంగతి చెప్పిన ఆ మనిషిని రెప్ప వేయడం మర్చిపోయి చూశాడు.

బెల్ కొట్టేశారు. పిల్లలు కాగితాల మీద రాసిచ్చిన ప్రశ్నలు ముప్పై ఒకటి మిగిలిపోయాయి. "నాకివ్వండి సార్, వీలున్నప్పుడల్లా ఒక్కో దానికి ఫోన్లో జవాబు చెప్పి పంపుతా," అంది. అతను ఆ చీటీలన్నీ కవరులో పెట్టి, పైన తన నంబరు రాసిచ్చాడు. అంకెలు అంత గుండ్రంగా అతను ఎప్పుడూ రాయలేదు.

అలా మొదలైంది. రెండు రోజులకో, మూడు రోజులకో ఆమె గొంతు వచ్చేది. వెనక ఏదో స్టేషన్ ప్రకటన, కప్పులూ సాసర్ల చప్పుడు, ఒక్కోసారి వాన.

"ఎనిమిదో తరగతి బాబుకు చెప్పండి సార్. మలుపు తిరిగేటప్పుడు నా బండి తోక నాకే కనిపిస్తుంది. 'అమ్మో, ఇదంతా నాదేనా' అనిపిస్తుంది."

లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలు ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాళ్లు. కానీ అంతకు ముందే అతను ఆ మాటలు మూడుసార్లు వినేసి ఉండేవాడు. చిరిగిన అట్టలకు జిగురు రాస్తూ ఒకసారి, బస్సులో ఒకసారి, వంటింట్లో అమ్మకు కూరలు తరిగిస్తూ ఒకసారి.

"రైలమ్మాయి గొంతు బాగుందిరా," అంది వాళ్లమ్మ ఒకరోజు, పొయ్యి వైపే చూస్తూ.

"పిల్లల కోసం అమ్మా."

"అవునవును. ఇక్కడ పిల్లలెవరూ లేరు గానీ, నువ్వు విను."

రెండున్నర నెలలకు చీటీలు అయిపోయాయి. 'ముప్పై ఒకటోది, ఇదే ఆఖరిది సార్' అన్న మెసేజ్ విన్నాక అతనికి ఆ రోజంతా ఏ పనీ తోచలేదు. ఒకే పుస్తకం మీద రెండు తేదీలు ముద్ర వేశాడు. సాయంత్రం ఒక నోటుబుక్కు కాగితం చింపి, ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో రాశాడు. 'అక్కా, బండి నడుపుతున్నప్పుడు మీకు ఎవరైనా గుర్తొస్తారా? ఇట్లు, ఆరో తరగతి.' ఫొటో తీసి పంపి, ఫోను బోర్లా పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. గొంతులో నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

"ఈ ఆరో తరగతి బాబుకు నా తరఫున చెప్పండి సార్. చేతిరాత వంకరగా ఉంది గానీ, వత్తుల్లో ఒక్క తప్పూ లేదు. అనుమానంగా ఉంది. జవాబు కావాలంటే ఆదివారం నాలుగింటికి స్టేషన్ ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గరికి రమ్మనండి. పెద్దవాళ్లెవరూ తోడు అక్కర్లేదు."

ఆదివారం అతను మూడున్నరకే వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా దువ్విన తల. నాలుగైంది. అయిదైంది. ఆమె ఫోను స్విచాఫ్. అయిదో టీ కప్పు ముందు పెడుతూ కొట్టువాడు జాలిగా చూశాడు. ఆరింటికి లేచి వచ్చేశాడు.

మర్నాడు ఆమె క్షమాపణ చెప్పింది. ఒక డ్రైవరుకు జ్వరమట, హఠాత్తుగా డ్యూటీకి పిలిచారట, బండెక్కాక ఫోను వాడకూడదట. మళ్లీ ఆదివారం అనుకున్నారు. ఆ ఆదివారమూ అంతే.

స్కూలు బెల్లుకు లేచి, బెల్లుకు కూర్చునే మనిషి అతను. పట్టరాని ఉక్రోషంతో మెసేజ్ పెట్టాడు. 'టైముకు రాలేనివాళ్లు మాటివ్వకూడదు.'

చాలాసేపటికి జవాబొచ్చింది. ఈసారి గొంతు లేదు, అక్షరాలే. 'పెళ్లిచూపులకు వచ్చిన ముగ్గురూ ఇదే మాటన్నారు సార్. మీరు నాలుగో వారు. పిల్లలకు నా శుభాకాంక్షలు చెప్పండి.'

తర్వాత మూడు వారాలు ఫోను మూగబోయింది. అతను రాసిన సారీలు చేరాయే గానీ జవాబు రాలేదు. "డ్రైవరక్క ఇంకేం చెప్పలేదా సార్?" అని పిల్లలు అడిగితే పుస్తకాలు సర్దుతూ ముఖం తిప్పుకునేవాడు.

చివరికి వాళ్లమ్మే కంచం ముందు కూర్చోబెట్టి అడిగింది. అతను దాచలేదు.

అంతా విని ఆవిడ, "మీ నాన్న ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చారో నేను లెక్క పెట్టలేదురా," అంది. "ఎందుకు ఆలస్యమైందో అడిగేదాన్ని. నువ్వు ఆ పిల్లను ఒక్కసారైనా అడిగావా? ఎంత అలిసిపోయి దిగిందో, తిన్నదో లేదో?"

అతను తల వంచుకున్నాడు.

"నా దగ్గర తల వంచుకుంటే ఏం లాభం? రేపు ఆదివారం. పొద్దున్నే బస్సెక్కు."

ఆమె తన తండ్రి లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడనీ, ఆ గేటు పక్క వీధిలోనే ఇల్లనీ ఎప్పుడో ఒక జవాబులో చెప్పింది. వెతుక్కుంటూ వెళ్లాడు. వరండాలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని రేడియో విప్పి బాగుచేసుకుంటున్నాడు.

"లైబ్రరీ సార్ మీరేనా?" అన్నాడు, అతను పరిచయం చేసుకోకముందే. "కూర్చో బాబూ. అమ్మాయి ఇంకా డ్యూటీ దిగలేదు. నిన్న మధ్యాహ్నం వెళ్లింది."

"నిన్న మధ్యాహ్నమా!"

"దారిలో సిగ్నల్ పడకపోతే ఎక్కడో చోట నిలబడాల్సిందేగా. నువ్వు రెండోసారి ఎదురుచూశావే, ఆ రోజు ఊరి బయట మూడు గంటలు ఆగిపోయింది. టీ కొట్టు రెండు కిలోమీటర్ల దూరం. బండి వదిలేసి నడిచి రాలేదు కదా." పెద్దాయన స్క్రూ బిగిస్తూ మెల్లగా అన్నాడు. "ఇంటికొచ్చి ఏడ్చింది బాబూ. ముగ్గురు పెళ్లికొడుకులు వద్దని వెళ్లినప్పుడు కూడా ఏడవలేదు."

లైబ్రేరియన్ నేల మీదికి దొర్లిన స్క్రూ ఒకటి తీసి ఆయన చేతికిచ్చాడు.

"ఒకటడుగుతా, ఏమీ అనుకోకు. రేపు పెళ్లిపీటల మీద కూర్చున్నా దానికి ఫోను రావచ్చు. అప్పుడేం చేస్తావు?"

"భోజనం కట్టిచ్చి పంపుతానండీ," అన్నాడు అతను. "నీళ్ల సీసాతో సహా."

పెద్దాయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మొదటిసారి అతణ్ని పూర్తిగా చూశాడు.

పదకొండు దాటాక గేటు చప్పుడైంది. భుజాన సంచి, కళ్లకింద నల్లని చారలు, జుట్టంతా దుమ్ము. అతణ్ని చూసి ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది.

"పిల్లలు పంపారా?"

"కాదు. నేనే వచ్చాను."

ఆమె సంచి దించి ఎదురు కుర్చీలో కూలబడింది. పెద్దాయన టీ పెడతానని లోపలికి వెళ్లాడు. బస్సులో దారి పొడవునా పాఠంలా వల్లె వేసుకున్న మాటల్ని అతను చేతివేళ్లు చూసుకుంటూ మొదలుపెట్టాడు.

"ఆ మెసేజ్ పెట్టి ఉండకూడదు. నేను రెండు గంటలు కూర్చున్నానని లెక్కేసుకున్నానే గానీ, మీరు ఎన్ని గంటలు నిలబడ్డారో ఆలోచించలేదు. తప్పు నాది. పూర్తిగా నాదే. క్షమించమని అడగడానికి వచ్చాను. ఇంకొకటి కూడా చెప్పాలి. నేను మీరంటే..."

తలెత్తాడు. ఆమె కుర్చీ వెనక్కి తల వాల్చి గాఢంగా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక బూటు లేసు విప్పి, రెండోది విప్పేలోపే నిద్ర పట్టేసినట్టుంది.

టీ గ్లాసులతో వచ్చిన పెద్దాయన నొచ్చుకున్నాడు. "అయ్యో, లేపుతానుండు బాబూ."

"వద్దండీ, పడుకోనివ్వండి," అన్నాడు అతను గుసగుసగా.

ఎండ ఆమె ముఖం మీదికి జరుగుతుంటే లేచి వరండా తెర దించాడు. వీధిలో కూరగాయల బండివాడు అరవబోతుంటే చేతులు జోడించి ముందుకు పంపేశాడు. పెద్దాయన రేడియో పక్కన పెట్టి, లోపలికెళ్లి తను కూడా ఒక కునుకు తీశాడు. అలా ఒంటిగంట దాటింది.

ఆమె ఉలిక్కిపడి లేచింది. కళ్లు నులుముకుని చూసింది. "మీరింకా వెళ్లలేదా?"

"సగం మాట విని నిద్రపోయారు. మిగతా సగం చెప్పి వెళ్దామని."

"ఏ సగం విన్నాను?"

"క్షమించమన్న సగం."

"అది వినగానే హాయిగా నిద్ర పట్టేసింది." ఆమె చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది. చెంప మీద కుర్చీ అల్లిక అచ్చు పడి ఉంది. "మిగతాది చెప్పండి. ఇప్పుడు నిద్ర రావడం లేదు."

రెండు గంటల తీరిక దొరికినా వల్లె వేసుకున్నదంతా అతనికి ఎగిరిపోయింది. "మీరంటే నాకు ఇష్టం," అన్నాడు. "మీ గొంతు వినని రోజు నాకు రోజులా లేదు. మీరు ఎప్పుడొస్తే అప్పుడే వడ్డించుకుని కలిసి తినాలని ఉంది. అంతే."

ఆమె వంగి రెండో బూటు లేసు విప్పుతూ, ముఖం కనిపించకుండా చూసుకుంటూ అంది. "మీ అమ్మగారు ఏమంటారో."

"ఆవిడే బస్సెక్కించి పంపింది."

"వచ్చే నెల పద్దెనిమిదిన నాకు రెస్టు. రమ్మనండి." అంతలోనే గొంతు తగ్గింది. "ఆ రోజు డ్యూటీ పడితే?"

"ఇరవై ఒకటిన వస్తాం."

"అదీ కుదరకపోతే?"

"ఎప్పుడు కుదిరితే అప్పుడు ఒక్క ఫోన్ కొట్టండి. మా అమ్మ మంచి చీర తీసి మంచం మీద పెట్టుకునే ఉంటుంది."

ఆమె తలెత్తింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ, నవ్వు ఆగలేదు. పెద్దగా, ఇల్లంతా వినిపించేలా నవ్వింది. లోపల పెద్దాయన నిద్ర లేచి, ఏమైందో తెలియకపోయినా, తనూ నవ్వేస్తూ టీ నీళ్లు మళ్లీ పొయ్యి మీద పెట్టాడు.