సగంలో ఆగిన పాఠం

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆ పాత చైనా బడి వెనకున్న గురుమందిరం పేరెత్తితే చాలు, ఆ వీధివాళ్లు మాట మార్చేస్తారు. కట్టి నూరేళ్లు దాటింది. అక్కడి చివరి పంతులు పాఠం చెబుతూ చెబుతూ కన్నుమూశాడట... ఆ పాఠం ఇంకా పూర్తికాలేదంటారు.

చరిత ఇవేవీ చెవిన పెట్టలేదు. తీరికెక్కడిది? పాత కట్టడాల కొలతలు తీసే ఆఫీసులో కొత్తగా చేరింది. తెల్లారితే రిపేర్లకని మందిరం విప్పేస్తారు. ఈలోగా డ్రాయింగ్ పూర్తికాకపోతే ఉద్యోగం ఊడుతుంది, దాంతోపాటే ఇక్కడ స్థిరపడేందుకు పీఆర్ వస్తుందన్న ఆశ కూడా.

చలికాలం. సాయంత్రమైనా కాకముందే చీకటి. మేనేజర్ గోపీకృష్ణ కారు దిగకుండానే, త్వరగా కానిమ్మని చెప్పి వెళ్లిపోయాడు. దిగడానికి ఆయనకు భయం, అంతే.

లోపల విగ్రహం లేదు. చైనావాళ్ల ఆదిగురువు కన్‌ఫ్యూషియస్ పేరు చెక్కిన ఎర్రటి చెక్క పలక, దానికి అటూ ఇటూ శిష్యుల పలకలు. పైన ఒక్క మేకు కూడా లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలిపిన దూలాలు. ఆ పనితనానికి చరిత మురిసిపోయింది. కొలతలు తీసే లేజర్ గురిపెడుతూ వెనక్కి వెనక్కి నడిచింది...

కాలికి ఏదో తగిలింది.

మనిషి కాలు!

చీకట్లో ఎవరో ముసలాయన, కుర్చీలో. కాపలాదారేమో అనుకుంది. మనవాళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చటుక్కున వంగి, ఆ కాలిని తాకి, చేతిని కళ్లకద్దుకుంది.

ఆ కాలు... ఐసుగడ్డలా ఉంది.

అక్కడ గురువు ముందు వంగితే శిష్యరికం ఒప్పుకున్నట్టేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

తల ఎత్తేసరికి తలుపులు మూసుకుంటున్నాయి — నెమ్మదిగా, ఒక్కొక్కటే. చెవి పక్కన ఎవరో ఒక మాట పలికారు. మళ్లీ పలికారు, ఈసారి కోపంగా. అర్థం తెలియకపోయినా... చరిత నోరు దానంతటదే ఆ మాట తిరిగి చెప్పింది.

రాత్రంతా ఆమె ఫోన్ ఎత్తకపోవడంతో గోపీకృష్ణ తెల్లారగానే పరుగెత్తుకొచ్చాడు. లేజర్ ఓ మూల పడి ఉంది. డ్రాయింగ్ సగంలోనే ఆగిపోయింది. పలక ముందు నేలమీద చరిత, చేతులు కట్టుకుని, నీలం తిరిగిన పెదాలతో ఏదో వల్లెవేస్తోంది.

ఆయన గుమ్మంలోంచే పిలిచాడు. "డ్రాయింగ్ పోతే పోయింది. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా. లే అమ్మా, ఇంటికి పోదాం."

ఆమె తల తిప్పలేదు. గుసగుసగా అంది —

"మా సార్ ఇంకా లేవమనలేదు."